ఈ ఓడకు నిలకడ చాలదు

షిప్‌యార్డు డిజైన్ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గదిని లెక్కల గది అనేవారు. ఆరు బల్లలు, ఆరు చేతిపిడి లెక్కల మిషన్లు, ఆరుగురు ఆడవాళ్లు. పొద్దున్న తొమ్మిదింటికి ఆరు పిడులూ గరగరమంటూ ఒక్కసారిగా తిరగడం మొదలైతే పక్క గదిలో డ్రాయింగులు గీసేవాళ్లు లేచి తలుపేసుకునేవారు. కాయితం మీద ఉన్న ఓడను రొట్టె కోసినట్టు అడ్డంగా ముక్కలు కోసి, ఒక్కో ముక్క వైశాల్యం కట్టి, అన్నీ కూడి, ఆ ఓడ ఎంత లోతు మునుగుతుందో, ఒక పక్కకి ఒరిగితే ఎంత బలంగా తిరిగి లేస్తుందో తేల్చడం వాళ్ల పని.

కిటికీ పక్క బల్ల లెక్కలమ్మది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. చేరిన మొదటి నెలలోనే ఆమె పెద్ద ఇంజనీరు స్వయంగా గీసిన బొమ్మ పట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"ఏమ్మా, ఏం కావాలి?"

"పైనుంచి చూస్తే ఓడ నడుము ఒకలా ఉంది సార్. ముందునుంచి చూస్తే రెండు సెంటీమీటర్లు లావుగా ఉంది. ఈ రెంటిలో మనం ఏ ఓడ కడుతున్నాం?"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. పెద్ద ఇంజనీరు నవ్వలేదు. స్కేలు పెట్టి కొలిచి బొమ్మ దిద్దించాడు. ఆ రోజు నుంచి ఆమె లెక్కలమ్మ. పెట్టినవాళ్లు వెక్కిరింతగానే పెట్టారు. ఆమె మాత్రం బిరుదులాగే తీసుకుంది.

యార్డులో ఆమెకు ఒక అండ ఉండేది. మేనమామ. ఆయన గీతల హాలుకి పెద్ద మేస్త్రి. ఆ హాలు ఎంత పొడుగంటే ఈ చివర నిలబడ్డవాడు ఆ చివర ఉన్నవాణ్ణి పిలవాలంటే కేకెయ్యాల్సిందే. నేలంతా నల్లరంగు పూసిన చెక్క. కాయితం మీది చిన్న బొమ్మను ఆ నేల మీద ఓడ అసలు సైజులో మళ్లీ గీసేవారు. పొడుగాటి సన్నని చెక్క పట్టీని నేలమీద వంచి, కదలకుండా సీసపు దిమ్మలు ఆన్చి, దాని వెంబడి సుద్దతో గీత లాగేవారు. ఆ గీతల్ని బట్టే ఇనప రేకులు కోసేవారు. మేస్త్రి రోజంతా మేజోళ్లతోనే తిరిగేవాడు. ఎవరైనా బూట్లతో లోపలికొస్తే, "ఓడ మీద నడుస్తున్నావు, దిగు!" అని అరిచేవాడు. పెద్ద ఇంజనీరు కూడా గుమ్మంలో బూట్లు విప్పాల్సిందే.

చిక్కంతా ఓనర్లతో వచ్చేది. కట్టమని ఆర్డరిచ్చినవాడు ఊరుకోడు. ముక్కు ఇంకాస్త సూదిగా ఉంటే బాగుంటుందంటాడు, నడుము ఒక మీటరు పెంచమంటాడు. ఇల్లంతా కట్టాక వంటిల్లు అటు పక్కకి జరపమన్నట్టు. ఒక్క గీత జరిగితే లెక్కల గదిలో మూడు వారాల కట్టలన్నీ చెత్తబుట్టకే. ఆరుగురూ మళ్లీ మొదటి ముక్క దగ్గర నుంచి పిడి తిప్పాలి. ఒకసారి ఒకే ఓడకు నాలుగోసారి తిప్పుతుండగా లెక్కలమ్మ మణికట్టు వాచింది. డాక్టరు కట్టు కట్టి, రెండు వారాలు చెయ్యి కదపొద్దన్నాడు.

చెయ్యి కదపకూడదు సరే, కాళ్లకి కట్టు లేదుగా. యూనివర్సిటీలో ఒక పెద్ద లెక్కల యంత్రం తెచ్చి పెట్టారని, ఒక గదంతా అదే ఆక్రమించిందని పేపర్లో చదివి చూడ్డానికి వెళ్లింది. యంత్రం వేడెక్కకుండా ఆ గదిని మంచుపెట్టెలా ఉంచేవారు. దాన్ని చూసుకునే ఇన్‌ఛార్జి ఎండాకాలంలో కూడా స్వెట్టరులోనే ఉండేవాడు.

"ఇది ఏమేం లెక్కలు కడుతుందండీ?" అని అడిగింది.

"మీరు ఎలా కట్టాలో చెప్పగలిగితే ఏ లెక్కైనా కడుతుంది. చెప్పలేకపోతే దీనంత మొద్దు ఇంకోటి లేదు."

"నాకు చెప్పడం వచ్చు. మీ యంత్రం భాష రాదంతే."

స్వెట్టరాయన ఆమె చేతికున్న కట్టు చూశాడు, ముఖం చూశాడు. అట్టలు నలిగిన ఒక పుస్తకం చేతికిచ్చాడు. "ఆదివారం పొద్దున్న ఎవరూ రారు. రెండు గంటలు వాడుకోండి. కార్డులు మాత్రం మీరే తెచ్చుకోండి."

చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద రాస్తేనే ఆ యంత్రం చదివేది. కార్డుకొక ఆజ్ఞ. ఒక్క కార్డు వెనకాముందూ అయినా మొత్తం గల్లంతే. ఆమె భర్త అచ్చు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఏరి, తిరగేసి చదవడం అలవాటైన మనిషి. కార్డుల వరస తప్పకుండా చూసే పని ఆయన నెత్తిన వేసుకున్నాడు. ప్రతి ఆదివారం వాళ్లిద్దరూ కార్డుల డబ్బా మోసుకుని బస్సెక్కడం చూసి కింది వాటా ఆయన ఒకసారి ఆపుకోలేక అడిగేశాడు.

"మీ ఆవిడ ఆదివారం పూట ఎక్కడికండీ అంత హడావిడిగా?"

"ఒకడున్నాడు లెండి. గదంత మనిషి. కార్డులు పెడితే తప్ప నోరిప్పడు. నేనే దిగబెట్టి వస్తున్నాను."

ఎనిమిది నెలలు పట్టింది. ఓడ అంచు మీద కొలిచిన బిందువులు యంత్రానికిస్తే వాటి మీదుగా అది వంపు గీయాలి. ఆ వంపుల్ని బట్టి మిగతా లెక్కంతా కట్టాలి. మొదటిసారి వచ్చిన అంకెల్ని ఆమె కాయితం మీద చుక్కలు పెట్టి కలిపి మేనమామకు చూపించింది. మేస్త్రి కళ్లజోడు పైకి తోసుకుని, కాయితాన్ని కంటి దగ్గర అడ్డంగా పెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"ఏమే, ఇది ఓడా, ముడతలు పడ్డ దుప్పటా?"

"చుక్కలన్నిటి మీదుగా సరిగ్గా వెళ్లింది కదా మావయ్యా!"

"చుక్క మీద సరిగ్గానే ఉంది. మధ్యలోనే తైతక్కలాడింది. ఇట్రా."

హాలు నేల మీద ఒక పట్టీ వంచి ఉంది. మేస్త్రి ఆమెను పక్కన కూర్చోబెట్టాడు. "పట్టీకి మనం ఎక్కడ ఆనాలో చెప్తాం. ఎలా వంగాలో చెప్పం. దిమ్మకీ దిమ్మకీ మధ్య దాని ఇష్టం దానిది. దానికి ఎక్కడ సుఖంగా ఉంటే అలా పడుకుంటుంది. నీళ్లకి కూడా అదే సుఖం. ఇప్పుడు చూడు." ఆయన మధ్యలో ఒక దిమ్మ ఎత్తాడు. పట్టీ కదల్లేదు. ఇంకోటి ఎత్తాడు. పట్టీ టక్కున అరంగుళం ఎగిరింది. "ఎగిరిందా? అంటే ఇక్కడ దాన్ని బలవంతాన పట్టి ఉంచామన్నమాట. అబద్ధం ఇక్కడుంది. ఒక్కో దిమ్మా ఎత్తి చూస్తే అబద్ధం ఎక్కడుందో పట్టీయే చెప్తుంది."

లెక్కలమ్మ మిగతా దిమ్మలు కూడా ఒక్కొక్కటే ఎత్తి చూసింది. తరవాతి ఆదివారం నాటికి పాత కార్డులు సగం పారేసింది. వంగిన చెక్కకు బలం లెక్క ఎలా ఉంటుందో చదివి, ఆ లెక్కనే యంత్రానికి రాసింది. ఒక్కో బిందువునీ తీసేసి, వంపు ఎగురుతుందో లేదో చూడమని కూడా రాసింది. ఈసారి మేస్త్రి కాయితాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. పక్కనున్న మనిషికి ఇచ్చాడు. అతను ఇంకొకడికి ఇచ్చాడు.

"దీనికి మేజోళ్లు తొడిగితే మన హాల్లో పనికొస్తుంది," అన్నాడు మేస్త్రి.

ఆ మాటకి హాల్లో అందరూ నవ్వలేదు. "నీ మేనకోడలు మా నోట్లో మట్టి కొడుతోంది మేస్త్రీ," అన్నాడొకడు. లెక్కల గదిలో కూడా అదే గుబులు. ఆరుగురు మూడు వారాలు చేసే పని యంత్రం నలభై నిమిషాల్లో చేసిందని తెలిసిన రోజు ఎవరూ ఆమెతో కలిసి టీకి రాలేదు. మర్నాడు ఆమె గది మధ్యలో నిలబడి చెప్పింది.

"ఈ పిడి తిప్పడానికా మనం పుట్టింది? ఏ అంకె తప్పో చూడగానే పసిగడుతున్నాం. అది ఈ పిడికి తెలుసా? నేర్చుకుంటామంటే ఆదివారాలు రండి. నాకొచ్చిందంతా నేర్పుతాను. ఒక్క ముక్క దాచుకోను."

ముందు ఒక్కతే వచ్చింది. అందరికన్నా పొట్టిది, చిన్నలెక్క అనేవారు. తరవాత ఇద్దరొచ్చారు. సంవత్సరం తిరిగేసరికి అయిదుగురూ వచ్చారు.

పెద్ద ఇంజనీరుకి మాత్రం అది రుచించలేదు. ముద్రించిన కాయితాలు వేళ్లతో తిప్పి అన్నాడు. "యంత్రానికి సముద్రం తెలుసా అమ్మా?"

"మా చేతి మిషను పిడికి తెలుసా సార్?"

ఆయన కాయితాలు పక్కకి నెట్టాడు. ఆ మాట మరిచిపోలేదు.

ఇది జరిగిన రెండో ఏట యార్డుకి ఒక ఫెర్రీ ఆర్డరు వచ్చింది. నదీముఖంలో జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే ఓడ. అలాంటిదే ఒకటి అంతకుముందు కట్టారు, బాగా నడుస్తోంది. అయితే కొత్త ఓనరు ఊరుకోలేదు. పైన ఇంకో అంతస్తు కావాలన్నాడు. చుట్టూ అద్దాలు, మీద ఇనప కప్పు, కూర్చుని చూడ్డానికి కుర్చీలు. పెద్ద ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఓడ నిలకడకి ఒక కొలత ఉంది, సెంటీమీటర్లలో చెప్తారు. అది పెద్దదైతే ఒరిగిన ఓడ గట్టిగా లేస్తుంది, చిన్నదైతే నీరసంగా లేస్తుంది, సున్నాకి దిగితే ఇక లేవదు. పాత ఫెర్రీ కొలతలోంచి పై అంతస్తుకని కాస్త తగ్గించి, అరవై అని రాసేశాడు పెద్ద ఇంజనీరు. అరవై అంటే భేషైన ఓడ.

లెక్కలమ్మ ఆదివారం ఆ ఓడను యంత్రానికిచ్చింది. పై అంతస్తులోని ప్రతి అద్దం, ప్రతి కుర్చీ, ప్రతి స్తంభం బరువు విడివిడిగా ఎక్కించింది. యంత్రం ఇరవై అయిదు అంది. కార్డులన్నీ మళ్లీ సరిచూసి మళ్లీ పెట్టింది. ఇరవై అయిదే. జనం పై అంతస్తుకెక్కి ఏదో వింత చూడ్డానికి ఒక పక్కకి చేరితే ఎంత మిగులుతుందో కూడా అడిగింది. జవాబు చూసి కంపోజిటరు చేతిలో కాయితం పెట్టింది. ఆయనకి ఓడల సంగతి తెలీదు. అయినా రెండంకెలుండాల్సిన చోట ఒక్క అంకె ఉండటం కనిపించింది. ఇద్దరూ కార్డుల డబ్బా పట్టుకుని బస్సెక్కారు.

సోమవారం పొద్దున్నే ఆమె పెద్ద ఇంజనీరు బల్ల మీద ఆ కాయితం పెట్టింది.

"ఇరవై అయిదా? పిచ్చి అంకె. పాత ఫెర్రీ నడవడం లేదూ?"

"పాత ఫెర్రీ నెత్తిన అద్దాల మేడ లేదు సార్."

"ముప్ఫై ఏళ్లుగా ఓడలు కడుతున్నానమ్మా నేను."

"అందుకే మీ దగ్గరికి తెచ్చాను. ఓడ పూర్తయ్యాక దాన్ని కావాలని ఒరగబెట్టి చూసే పరీక్ష చేయించండి. నా లెక్క తప్పని తేలితే యంత్రం జోలికి మళ్లీ పోను."

"ఇది పాతదానికి తోబుట్టువు ఓడ. తోబుట్టువుకి పరీక్ష అక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది. నువ్వు అరవై వేసి సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

నిలకడ పత్రంలో కింద మూడు గళ్లుండేవి. లెక్క కట్టినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడి లెక్కల గదిది.

"నేను కట్టిన లెక్క అరవై కాదు సార్. నా చెయ్యి ఆ అంకె కింద సంతకం పెట్టదు."

"నువ్వొక్కతెవే ఉన్నావా ఆ గదిలో?"

ఆయన పత్రాన్ని రెండో బల్లకి పంపాడు. రెండో బల్లావిడకి ఇద్దరు పిల్లలు, ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. పత్రం ముందు పెట్టుకుని కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి లేచి మూడో బల్ల మీద పెట్టి వచ్చింది. మూడో ఆమె చదివి నాలుగో ఆమెకిచ్చింది. నాలుగు అయిదుకి, అయిదు చిన్నలెక్కకి. పిడులన్నీ ఆగిపోయి ఉన్నాయి. చిన్నలెక్క లేచి పత్రాన్ని పెద్ద ఇంజనీరు గదికి తీసుకెళ్లింది.

"మొదటి గడి ఖాళీగానే ఉంది," అన్నాడాయన.

"అవును సార్," అంది చిన్నలెక్క. "ఆరుగురం చూశాం."

వారం తరవాత సర్వేయరు వచ్చాడు. ఓడ సముద్రంలోకి వెళ్లొచ్చని చివరి ముద్ర వేసేది ఆయనే. యార్డు మనిషి కాదు, బక్కపలచటి మనిషి, మాట తక్కువ. పత్రం చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"లెక్క ఎవరు కట్టారు?"

లెక్కల గదివాళ్లని గొణిగాడు పెద్ద ఇంజనీరు. సర్వేయరు టోపీ పెట్టుకుని మూడో అంతస్తుకి నడిచాడు. లెక్కల గదిలో అరగంట కూర్చున్నాడు. లెక్కలమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. తన అంకె, పెద్ద ఇంజనీరు అంకె, రెండూ ఎలా వచ్చాయో కూడా. ఆయన లేస్తూ, "మీరు తప్పయితే?" అన్నాడు.

"తప్పయితే అందరి ముందూ ఒప్పుకుంటాను. అందుకే పరీక్ష అడుగుతున్నాను. తెలుసుకోకుండా జనాన్ని ఎక్కించొద్దు."

పరీక్ష జరగాల్సిందేనని సర్వేయరు రాసిచ్చాడు. దానికి గాలి లేని రోజు కావాలి. అలాంటి రోజు దొరికేసరికి ఓడ పూర్తయి రేవులో కట్టేసి ఉంది, అద్దాల మేడతో సహా. పొద్దున్న ఎనిమిదింటికి తాళ్లన్నీ వదులు చేశారు. ఓడలో పై నుంచి అడుగుదాకా మూడు మీటర్ల దారం వేలాడదీసి, కింద గుండు కట్టి, అది ఊగిపోకుండా నీళ్ల తొట్టిలో ముంచారు. దారం వెనక ఒక స్కేలు అడ్డంగా బిగించారు. డెక్కు మీద ఒకటిన్నర టన్నుల ఇనప దిమ్మలు ఒక పక్క నుంచి ఆరు మీటర్లు రెండో పక్కకి జరుపుతారు. ఓడ ఒరుగుతుంది. దారం స్కేలు మీద ఎంత జరిగితే ఓడ అంత నీరసమన్నమాట.

ఓనరు కుర్చీ వేయించుకుని రేవు మీద కూర్చున్నాడు. పెద్ద ఇంజనీరు ఆయన పక్కనే నిలబడ్డాడు. గీతల హాలు ఖాళీ. అందరూ ఇక్కడే ఉన్నారు. ఓడ లోపల దారం దగ్గర సర్వేయరు, లెక్కలమ్మ, స్కేలు బిగించిన మేస్త్రి.

సర్వేయరు నోట్‌బుక్కు తీశాడు. "ముందే చెప్పండి."

"అరవై అయితే దారం ఏడున్నర సెంటీమీటర్లు జరగాలి," అంది లెక్కలమ్మ. "నా లెక్కకి పద్దెనిమిది."

రెండు అంకెలూ రాసుకున్నాడు. దిమ్మలు జరపమని పైకి కేకేశారు. తలమీద ఇనుము ఈడ్చిన చప్పుడు. దారం నెమ్మదిగా కదిలింది. నాలుగు. అయిదు. ఏడు. ఏడున్నర దగ్గర ఆగుతుందేమోనని లెక్కలమ్మ స్కేలు మీదికి వంగింది. ఆగితే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. ఎందుకంటే అప్పుడు తప్పు తన ఒక్కదానిదే, ఓడ మంచిదే. దారం ఆగలేదు. తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. రేవు మీద ఎవరో "ఓయ్, ఒరుగుతోంది!" అని అరవడం వినిపించింది. మేస్త్రి ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. పదిహేడున్నర దగ్గర దారం నిలబడింది.

"అర సెంటీమీటరు తేడా," అన్నాడు సర్వేయరు రాసుకుంటూ.

"నా యంత్రానిది," అంది లెక్కలమ్మ. "ఎక్కడ పోయిందో వెతుకుతాను."

అద్దాల మేడ దించేశారు. ఓనరు గోల పెట్టాడు, ఇంకో యార్డుకి పోతానన్నాడు, చివరికి గుడ్డ కప్పుతో సరిపెట్టుకున్నాడు. ఫెర్రీ మూడు నెలలు ఆలస్యంగా పనిలోకి దిగింది. దాని మీద రోజూ వందలమంది రేవు దాటారు. వాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు.

యార్డులో ఆమెకు చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. గీతల హాలువాళ్లు మాత్రం ఆ రోజు నుంచి ఆమెను బూట్లతో రమ్మన్నారు. ఆమె మాత్రం ఎప్పటిలాగే మేజోళ్లతోనే వెళ్లింది. పెద్ద ఇంజనీరు రెండు నెలలు ఆగి, "నీ తెలివి స్టోర్సుకి అవసరం," అంటూ ఆమెను గోడౌనులో బోల్టులు లెక్కబెట్టే పనికి మార్చాడు. తొమ్మిది రోజులు బోల్టులు లెక్కపెట్టింది. పదో రోజు రాజీనామా కాయితం ఇచ్చింది. అందులో ఒక్క వాక్యమే. "మీ బోల్టులు సరిపోయాయి, నేను వెళ్తున్నాను."

ఇంట్లో కంపోజిటరు అది చదివి, "కామా సరిగ్గా పడింది," అన్నాడు.

ప్రెస్సు మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. కింద అచ్చు యంత్రాలు తిరిగితే పైన నేల అదిరేది. అక్కడ రెండు బల్లలు వేసుకున్నారు లెక్కలమ్మ, ఆమె వెనకే వచ్చేసిన చిన్నలెక్క. యంత్రానికి రాసిన ఆ లెక్కల కట్టకి పేరు పెట్టాల్సి వచ్చింది. "పట్టీ" అని పెట్టారు. మొదటి గిరాకీ నది అవతల చేపల పడవలు కట్టే చిన్న యార్డు. దాని యజమాని కాయితం మీద బొమ్మ కూడా తేలేదు. చెక్కతో చెక్కిన బుల్లి పడవ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇలాంటిది, కొంచెం పెద్దది," అన్నాడు.

గీతల హాలు మూతపడుతుందని మొదట భయపడినవాళ్ల భయం నిజమే అయింది. పదేళ్లలో ఒక్కో యార్డూ హాలు మూసేసింది. ఆ సంగతి లెక్కలమ్మ ఎప్పుడూ తేలిగ్గా మాట్లాడలేదు. మేస్త్రి రిటైరై ఆమె దగ్గరికి వచ్చాడు, ఇంకో ముగ్గురు హాలు మనుషుల్ని కూడా తెచ్చాడు. పట్టీ గీసిన ప్రతి ఓడనీ వాళ్లు చూడందే బయటికి పంపేది కాదు. కార్డులు పోయి టేపులొచ్చాయి. గదంత యంత్రం బల్ల మీదికి వచ్చింది. యంత్రం తెర అద్దం మీద ఓడ బొమ్మ కనబడే రోజులొచ్చాయి. అప్పటికి మేస్త్రికి ఎనభై. కుర్చీ పక్కకి జరుపుకుని, చెంప అద్దానికి ఆన్చి, ఒక కన్ను మూసి వంపు వెంబడి చూసేవాడు. "ఇక్కడ బొడిపె ఉంది," అనేవాడు. ఉండేది.

పట్టీలో మొదటి నుంచీ ఒక నియమం ఉంది. నిలకడ తక్కువైన ఓడకి ప్రతి పేజీ మీదా, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో ఒక వాక్యం పడేది. "ఈ ఓడకు నిలకడ చాలదు." ఆ వాక్యం తీసే మీట పట్టీలో ఎక్కడా లేదు. ఇది చాలామందికి గిట్టేది కాదు. ఇంకా బొమ్మ దశలోనే ఉందండీ, తరవాత సరిచేస్తాం, ఓనరు చూస్తే బెదిరిపోతాడు, తాత్కాలికంగా దాచే వీలుంటే చాలు. ప్రతి ఒక్కరిదీ తాత్కాలికమే.

ఒకసారి ఇరవై మంది డిజైనర్లున్న పెద్ద యార్డు నుంచి మేనేజరు వచ్చాడు. అందరికీ పట్టీ కొంటామన్నాడు. ఆ ఒక్క మీట పెడితే చాలన్నాడు. లెక్కలమ్మ లేదంది. ఆయన వెళ్లాక చిన్నలెక్క తలుపేసి తిరిగింది.

"అక్కా, నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు! ఒక్క మీట కోసం ఇంత పెద్ద యార్డుని పోగొట్టావు."

"మీట పెట్టాక ఎవరు నొక్కుతారే? భద్రంగా ఉన్న ఓడవాడు నొక్కుతాడా? వాడికి అవసరమే లేదు. ఎవడికి ఆ వాక్యం కనబడాలో సరిగ్గా వాడే నొక్కుతాడు."

చిన్నలెక్క రెండు రోజులు టీ విడిగా తాగింది. మూడో రోజు వచ్చి, ఆ వాక్యం అక్షరాల సైజు ఇంకో మెట్టు పెంచింది. "పోతే పోయారు. కనబడేలా అయినా ఉండనీ," అంది.

ఆ యార్డు వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కుంది. పట్టీ చిన్న యార్డులతోనే పెరిగింది. చేపల పడవలు, ఇసుక పడవలు, ఫెర్రీలు. సర్వేయర్లు తమ ముందుకొచ్చే పత్రాల్లో ఆ వాక్యం కోసం వెతకడం అలవాటు చేసుకున్నారు. పేజీ పైన ఏమీ లేకపోతే, "ఇది దేనితో కట్టారు?" అని అడగడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకి సర్వేయర్ల సంఘం నిబంధన రాసుకుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, నిలకడ చాలని ఓడకి ఆ మాట మొదటి పేజీలోనే రాయాలి. పెద్ద యార్డుకి కూడా రాయక తప్పలేదు. ఆ నిబంధన వచ్చిన రోజు చిన్నలెక్క ఆఫీసంతా తిరిగి అందరికీ చదివి వినిపించింది. లెక్కలమ్మ రెండుసార్లు చదివించుకుంది.

ఆమెకు డెబ్భై దాటాక ఒక పెద్ద కంపెనీ పట్టీని మొత్తం కొనేస్తామని వచ్చింది. వచ్చినతను మర్యాదస్తుడు. కంపెనీ మారాక కొన్ని పాత నియమాలు సడలించాల్సి రావొచ్చన్నాడు. ఆమె అతనికి టీ ఇచ్చింది, అతని పిల్లల చదువు గురించి అడిగింది, గుమ్మందాకా సాగనంపింది. వారం తిరక్కుండా పట్టీ లెక్కలు ఎలా రాశారో మొత్తం రాతలన్నీ, ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునేలా, బయటపెట్టేసింది. ఇక కొనడానికి ఏమీ మిగల్లేదు. కంపోజిటరు అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడోనని చిన్నలెక్క అంటే, "కార్డులు వరసలో ఉన్నాయా అనేవాడు," అని నవ్వింది.

ఇప్పటికీ పొద్దున్న పూట ఆఫీసుకొస్తుంది. ఫోన్లు తీస్తుంది. మొన్న ఒక చిన్న యార్డు డిజైనరు చేశాడు. పడవ కప్పు మీద పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టాడట, పేజీ మీద ఆ వాక్యం పడిందట.

"ట్యాంకు కిందికి దించు నాయనా."

"నేనూ అదే అన్నానమ్మా. ఓనరు గారు ఒప్పుకోవడం లేదు. పైనుంటేనే నీళ్లు ధారగా వస్తాయంటున్నారు."

"ఆయన పక్కనే ఉన్నాడా?"

"ఆఁ, ఇక్కడే కూర్చున్నారు."

లెక్కలమ్మ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, కళ్లజోడు సరిచేసుకుంది.

"ఫోను ఆయనకివ్వు."